బిషప్ అజరయ్య: వాదన తేలకుండానే అందర్నీ కలిపిన మనిషి



మన ఛానెల్లో ఏ వీడియో పెట్టినా కింద ఒక వాదన మొదలవ్వాల్సిందే. శివుడి గురించి చెబితే విష్ణువు సంగతేంటని అడుగుతారు. రామానుజుల గురించి చెబితే శంకరులని తక్కువ చేశారంటారు. తిక్కన గారు 13వ శతాబ్దంలోనే తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చి ఈ గొడవకి ఒక దారి చూపించారు. అయినా మనం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం.

అందుకే ఈసారి ఇదే రకం గొడవ పక్కింట్లో ఎలా నడిచిందో, దాన్ని సర్దడానికి ఒక మనిషి పాతికేళ్లు ఎలా తిరిగాడో చెప్తాను. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య, డోర్నకల్ బిషప్. విజయవాడలో చదువుకున్న ఆడపిల్లలకి బిషప్ అజరయ్య స్కూల్ అనగానే ఆ పేరు గుర్తొస్తుంది. భద్రాచలం వెళ్లడానికి కొత్తగూడెం రైలెక్కిన వాళ్లకి డోర్నకల్ జంక్షన్ తెలుసు. మనిషి కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు.

మా ఊరి వైపు నుంచి చూస్తే

మాది రేపల్లె దగ్గర నగరం. ఉద్యోగం హైదరాబాద్‌లో. మా వైపు ఊళ్లలో గుడి, చర్చి, మసీదు మూడూ కనిపిస్తాయి. చర్చి అంటే ఒకటే అని బయటివాళ్లం అనుకుంటాం, కానీ బోర్డులు జాగ్రత్తగా చదివితే ఒక్కోదాని మీద ఒక్కో పేరు ఉంటుంది. రేపల్లె, తెనాలి వైపు పాత చర్చిలు ఎక్కువగా లూథరన్ మిషన్‌వి. బాపట్ల వైపు వెళ్తే బాప్టిస్టులు. కృష్ణ దాటి బందరు వైపు వెళ్తే ఆంగ్లికన్ మిషన్ కట్టిన పాత చర్చిలు.

ఎందుకిలా? 1842లో అమెరికా లూథరన్ల తరఫున హయ్యర్ అనే పాస్టర్ గుంటూరు వచ్చాడు. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పైకి వచ్చారు. ఇంగ్లండు చర్చి వాళ్లు బందరులో దిగారు. ఒకళ్ల ఏరియాలోకి ఇంకొకళ్లు వెళ్లకూడదని మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. అంటే ఒక పల్లెలో మాల, మాదిగ కుటుంబం ఏ శాఖ క్రైస్తవులవుతారో వాళ్లు ఆలోచించి ఎంచుకున్నది కాదు. ఏ దొర బండి ముందు ఆ ఊరికి వచ్చిందో దాన్ని బట్టి తేలిపోయింది. జర్మనీలో, ఇంగ్లండులో, అమెరికాలో ఎప్పుడో జరిగిన తగాదాల సరిహద్దు గీతలు తెచ్చి మన చెరువుగట్ల మీద గీశారన్నమాట. అజరయ్యని జీవితాంతం బాధపెట్టింది ఇదే.

తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కి

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణాన, అప్పటి తిరునెల్వేలి జిల్లాలో వెళ్ళాలన్‌విళై అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నాడార్ల కుటుంబం. తండ్రి హిందువుగా పుట్టి క్రైస్తవుడై, ఆ ఊరి పాస్టర్‌గా పనిచేశాడు. చాలా ఏళ్లు ఎదురుచూశాక పుట్టిన కొడుకు కాబట్టి తల్లి బైబిల్లోని శామ్యూల్ పేరు పెట్టుకుంది. తండ్రి 1889లో పోయాడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివాడు కానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరి దక్షిణాదంతా తిరిగాడు. 1898లో అంబు మరియమ్మాళ్‌తో పెళ్లయింది. ఆ రోజుల్లో దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన కొద్దిమంది క్రైస్తవ ఆడవాళ్లలో ఆవిడ ఒకరు.

ఆ తిరుగుళ్లలో ఆయనకి ఒకటి అర్థమైంది. భారతీయ క్రైస్తవుడి డబ్బు, నిర్ణయం, నాయకత్వం మూడూ దొరల చేతిలోనే ఉన్నాయి. 1903లో తిరునెల్వేలి వాళ్ల సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. 1905లో సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టడంలో కూడా ఆయనది పెద్ద చెయ్యి. మొదటి సొసైటీ పనిచెయ్యడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. తీరా చూస్తే అక్కడికి మనుషుల్ని పంపమని ఊళ్లూళ్లూ తిరిగి చెప్పినవాడు తానే వెళ్లకుండా ఎలా ఉంటాడు? 1909లో భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరాడు. 35 ఏళ్ల వయసులో కొత్త భాష నేర్చుకున్నాడు. ఎద్దుబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగాడు. మనం ఇప్పుడు ఉద్యోగం మారితే కొత్త ఊళ్లో ఫ్లాటు వెతుక్కోవడానికే నీరసపడతాం.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో అజరయ్య ఒకడు. దొరలందరి ముందు నిలబడి, మీరు మాకు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు, అది కావాలి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ సభలో కొందరు ఇబ్బందిగా కదిలారు. ఆ ప్రసంగం గురించి చర్చి చరిత్రకారులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో సొంత మండలం ఉన్న మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఒక నల్లవాడి కింద పనిచెయ్యాలా అని తెల్లవాళ్లు కొందరు అడ్డం పడ్డారు. ఒక నాడారు మనకి బిషపా అని తమిళ క్రైస్తవుల్లోనే పెద్ద కులాల వాళ్లు కొందరు గొణిగారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడ్డాడు కాబట్టి పని జరిగింది. మొదట్లో చిన్న మండలమే. తర్వాత బందరు, బెజవాడ వైపు ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన కిందకి వచ్చాయి. ఆయన చివరి రోజులకి డోర్నకల్ మండలంలో 2 లక్షల మందికి పైగా ఉన్నారు. అందులో ఎక్కువమంది పల్లెల్లోని మాలలు, మాదిగలు.

ఇంతకీ గొడవ దేని గురించి?

ఇది మనకి అర్థమవ్వాలంటే మన ఇంట్లో ఉదాహరణే తీసుకోవాలి. శ్రీవైష్ణవంలో వడకలై, తెన్‌కలై తేడా తెలుసు కదా. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. జీవుడి ప్రయత్నం కొంత ఉండాలా, అంతా భగవంతుడే చూసుకుంటాడా అనే వాదన. సరిగ్గా ఇలాంటి వాదనే 16వ శతాబ్దంలో యూరప్‌లో లేచింది. జెనీవాలో కాల్విన్ బోధలోంచి వచ్చిన శాఖని రిఫార్మ్డ్ సంప్రదాయం అంటారు. ఎవరికి ముక్తి అనేది దేవుడు ముందే నిర్ణయించాడని వీళ్ల సిద్ధాంతం. కాదు, మనిషి ఒప్పుకోవడం కూడా ఉండాలని ఇంకో పక్షం. దీని మీద 1618లో హాలండులోని డోర్ట్ అనే ఊళ్లో మొదలైన సభ మరుసటి ఏడాది దాకా నడిచింది.

ఇంకో గొడవ అధికారం గురించి. రిఫార్మ్డ్ సంప్రదాయంలోని ప్రెస్బిటేరియన్లకి బిషప్ అనే పదవే లేదు, పెద్దల సభలే అన్నీ నడిపిస్తాయి. కాంగ్రిగేషనల్ వాళ్లకి ఏ సంఘం దానికదే స్వతంత్రం. ఆంగ్లికన్లకేమో బిషప్ లేకపోతే చర్చే లేదు. బిషప్ తలమీద చెయ్యి పెట్టి అభిషేకించకపోతే ఆ పాస్టర్ ఇచ్చే ప్రసాదం చెల్లుతుందా అనేది వాళ్ల ప్రశ్న. మన గురుపరంపర పట్టింపు లాంటిదే.

ఈ శాఖలన్నీ తెలుగు నేల మీదే ఉన్నాయి. మదనపల్లె వైపు పనిచేసింది అమెరికా రిఫార్మ్డ్ చర్చి వాళ్ల ఆర్కాట్ మిషన్. కడప జిల్లా జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టింది లండన్ మిషన్, వాళ్లు కాంగ్రిగేషనల్. మెదక్‌లో మీరు ఫొటోలు దిగి వచ్చిన ఆ పెద్ద చర్చి కట్టింది ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు. డోర్నకల్ ఆంగ్లికన్. ఒక శాఖ మనిషి పొట్టచేతబట్టుకుని ఇంకో శాఖ ఊరికి వెళ్తే అక్కడి చర్చిలో ప్రభు భోజనం పంక్తిలో కూర్చోవడానికి అర్హత ఉందో లేదో అనే అనుమానం. పంక్తిలోంచి లేపడం అంటే ఏంటో పల్లెలో పుట్టిన దళితుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అది తప్పించుకుందామని వచ్చినవాడికి ఇక్కడ కూడా అదే ఎదురైతే?

తరంగంబాడి, 1919

ఈ గొడవని దొరలు తేలుస్తారని కూర్చుంటే ఎప్పటికీ తేలదని అజరయ్యకి అర్థమైంది. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కొన్ని 1908లోనే కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. మిగిలింది బిషప్‌లు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య గోడ. 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది పాస్టర్లు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య, ఐక్య సంఘం నుంచి వచ్చిన శాంటియాగో ముందుండి నడిపించారు. 1706లో మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు దిగిన ఊరు అదే. విడిపోయిన చర్చి ఏ రేవులో దిగిందో ఆ రేవులోనే కలయిక కోసం తీర్మానం రాశారు.

ఈ చీలికలు మేము తెచ్చుకున్నవి కావు, మా మీద పడ్డవి, వీటిని మోస్తూ దేశానికి మేమేం చెప్పగలం అనేది ఆ తీర్మానం సారాంశం. ఒప్పుకోవాల్సినవి నాలుగే పెట్టుకున్నారు: బైబిలు, రెండు ప్రాచీన విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, స్థానిక పరిస్థితులకి తగ్గట్టు మలచుకునే చారిత్రక బిషప్ పదవి. ముందే నిర్ణయమా, మనిషి ప్రయత్నమా అనే కాల్విన్ వాదన ఆ నాలుగింటిలో లేదు. దాన్ని ఎవరూ గెలవలేదు, ఓడలేదు. ఎవరి నమ్మకం వాళ్లు ఉంచుకుని ఒకే పంక్తిలో కూర్చోవచ్చన్నారు.

తర్వాత చర్చలు 28 ఏళ్లు నడిచాయి. 1925లో వెస్లియన్ మెథడిస్టులు కూడా వచ్చి చేరారు. 1929లో పథకం ముసాయిదా అచ్చయింది. నాకు ఈ పథకంలో బాగా నచ్చిన భాగం పాత పాస్టర్ల సంగతి. బిషప్ చెయ్యి పడని పాస్టర్లందరికీ మళ్లీ అభిషేకం చెయ్యాలంటే, ఇన్నాళ్లూ మీరు చేసింది చెల్లదని ముఖం మీద చెప్పినట్టే. వద్దు, అందర్నీ ఉన్నవాళ్లని ఉన్నట్టే తీసుకుందాం, ఇకపై వచ్చేవాళ్లకి మాత్రమే బిషప్ అభిషేకం ఉండాలి అన్నారు. దీనికి 30 ఏళ్ల గడువు పెట్టుకున్నారు. ఒక సంఘం మనస్సాక్షికి నచ్చని పాస్టర్ని దాని మీద రుద్దబోమని మాటిచ్చారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే పాత సిస్టమ్‌ని ఒక్క రాత్రిలో ఆపెయ్యలేదు. పాత యూజర్లని మళ్లీ రిజిస్టర్ అవ్వమనలేదు. రెండూ పక్కపక్కన నడుస్తూ ఒక తరం గడిచేసరికి ఒకటైపోతాయి. నేను చూసిన మైగ్రేషన్లు చాలావరకు చెడింది ఈ ఓపిక లేకే.

ఇంగ్లండులో దీని మీద పెద్ద రగడ జరిగింది. బిషప్ పదవి పవిత్రతని బజారున పెట్టారని ఆంగ్లికన్ సంప్రదాయవాదులు మండిపడ్డారు. కవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు 1943లో ఈ పథకానికి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. అజరయ్య 1927లో లోజాన్ సభలో, 1930లో లండన్ లాంబెత్ సభలో ఇదే సంగతి మళ్లీ మళ్లీ చెప్పుకొచ్చాడు. మీ దేశాల్లో చీలిక ఒక అలవాటు, మా దేశంలో అది పాపం, అవమానం అనేది ఆయన వాదన.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

ఇక్కడ మనకి కూడా గుచ్చుకునే భాగం వస్తుంది. 1935లో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించారు. అన్ని మతాల వాళ్లూ ఆయన చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లో అజరయ్యకీ ఆయనకీ మధ్య జరిగిన ఒక మాట గురించి అజరయ్య జీవితచరిత్రలు రాసినవాళ్లు చెప్తారు. మేము క్రైస్తవులమైతే ఏ ఊళ్లో ఉన్నా ఒకే చర్చిలో ఉంటామా, కులం పట్టింపు లేకుండా ఉంటామా అని అంబేద్కర్ అడిగారట. అజరయ్య దగ్గర జవాబు లేదు. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదని ఆయన తర్వాత ఒప్పుకున్నాడట.

నిజంగా జవాబు లేదు. ఆయన సొంత మండలంలోనే మాలల చర్చిలో మాదిగలు, మాదిగల చర్చిలో మాలలు కలవడానికి పడే తిప్పలు ఆయనకి తెలుసు. వాటితో ఆయన ఏళ్ల తరబడి తలపడ్డాడు.

అదే కాలంలో గాంధీ గారికీ ఆయనకీ పడలేదు. పల్లెపల్లెలు ఒక్కసారే మతం మారడం ఆత్మకి సంబంధించిన సంగతి కాదని గాంధీ గారి అభిప్రాయం. ఊడ్చి తోసేసిన మనిషికి తన మతం తాను ఎంచుకునే హక్కు లేదనడం ఏం న్యాయమని అజరయ్య అభిప్రాయం. మతమార్పిడి విషయంలో నా మొగ్గు గాంధీ గారి వైపే. అయినా అజరయ్య ప్రశ్న అంత తేలిగ్గా పక్కన పెట్టేది కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన గట్టిగా చెప్పాడు. చర్చిని ఓట్ల మూటగా మారిస్తే అది చర్చి కాకుండా పోతుందని ఆయన భయం.

1939 జనవరి 6న డోర్నకల్లో ఎపిఫనీ కెథడ్రల్ని ప్రతిష్ఠించారు. కట్టడానికి పాతికేళ్ల దాకా పట్టింది. గుమ్మటాలు, మినార్లలాంటి బురుజులు, గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. ఇంగ్లండు నుంచి ఊడబెరికి తెచ్చి నాటిన చర్చిలా కాకుండా ఈ నేలలో మొలిచినట్టు ఉండాలని ఆయన పట్టుబట్టి కట్టించిన గుడి అది. ఈసారి డోర్నకల్లో రైలు ఆగితే ఒకసారి దిగి చూడండి.

చూడకుండానే వెళ్లిపోయాడు

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్లోనే కన్నుమూశాడు. ఆంగ్లికన్ సర్వసభ ఐక్యతకి ఓటేసింది అదే నెలలో. కొద్ది రోజుల తేడా. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది. మనం సీఎస్ఐ అని బోర్డుల మీద చూసేది అదే. మెదక్ మెథడిస్టులు, జమ్మలమడుగు కాంగ్రిగేషనల్ వాళ్లు, మదనపల్లె రిఫార్మ్డ్ వాళ్లు, డోర్నకల్ ఆంగ్లికన్లు ఒక్క రోజున ఒక్క చర్చి అయ్యారు. బిషప్‌లు ఉన్న చర్చీ బిషప్‌లు లేని చర్చిలూ ఇలా కలవడం ప్రపంచంలో అదే మొదటిసారి.

అందరూ కలవలేదు. అజరయ్య సొంత మండలంలోని నంద్యాల వైపు ఆంగ్లికన్లు 1947లో రామని బయటే ఉండిపోయారు, చాలా ఏళ్ల తర్వాత చేరారు. మా వైపు లూథరన్లు, బాప్టిస్టులు ఈ రోజుకీ వేరే. నగరం నుంచి రేపల్లె మీదుగా తెనాలి వెళ్లినా, ఇటు బాపట్ల వెళ్లినా ఆ పాత బోర్డులు అలాగే ఉన్నాయి.

అంబేద్కర్ అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి అజరయ్య తరం దక్షిణాదిలో సగం జవాబు రాసింది, 28 ఏళ్లు పట్టింది. రెండోది, అంటే కులం, సంతకాలతో తీరేది కాదు. అది అక్కడా తీరలేదు, మన దగ్గరా తీరలేదు.

నాకు ఈ కథలో మిగిలేది ఒకటే. కోతిపిల్లా పిల్లిపిల్లా అనే వాదన తెలివైనవాళ్లకి సరదాగా ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ అజరయ్య ఆ వాదన గదిలో కూర్చోకుండా గుమ్మం దగ్గరికి వచ్చి, లోపల మనం వాదించుకుంటుంటే బయట ఎవరు నిలబడ్డారో చూశాడు. వాదన తేలేదాకా వాళ్లని ఎండలో నిలబెట్టకూడదనుకున్నాడు. హరిహరుల గురించి కొట్టుకునే మనం కూడా అప్పుడప్పుడు మన గుడి గుమ్మం దాకా వచ్చి చూస్తే మంచిది.

వచ్చే వారం ఇంకో జీవితంతో కలుద్దాం.